ఆస్కార్ పందెంలో ప్రతి ఏడూ నేనే ఆఖరు. నచ్చిన సినిమాని పక్కనపెట్టి గెలిచే సినిమాని పట్టుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: ఆఫీసులో పన్నెండు మంది కలిసి ఏటా ఆస్కార్‌కి ముందు అన్ని విభాగాల విజేతలనూ రాసి పందెం వేసుకుంటారు. నామినేట్ అయిన పెద్ద సినిమాలన్నీ కూర్చుని చూసేది మీరొక్కరే. అయినా నాలుగేళ్లుగా మీరే ఆఖరు. ట్రైలర్లు కూడా చూడని మీ టీమ్ లీడ్ రెండుసార్లు గెలిచాడు. తప్పెక్కడ జరుగుతోందని అడిగారు. పనిలో పనిగా నా సొంత అవార్డులు ఎవరికిస్తానో కూడా చెప్పమన్నారు.

ముందు సూటిగా జవాబు. ఏది గొప్ప సినిమా అన్నది మీరు బాగానే చూస్తున్నారు, ఓటేసేది ఎవరన్నది చూడడం లేదు. ఆ ఓటు మీది కాదు, నాది కాదు. పది వేలకు అటూ ఇటూగా ఉండే అకాడమీ సభ్యులది. వాళ్లలో నటులు, కెమెరామెన్లు, ఎడిటర్లు, మేకప్ వాళ్లు, స్టూడియో అధికారులు ఉంటారు. వాళ్లకు అలవాట్లున్నాయి, మొహమాటాలున్నాయి, బద్ధకం కూడా ఉంది. ఆ అలవాట్లలో చాలావరకు ముందే బయటపడతాయి, ఎందుకంటే వీళ్లలో చాలామంది ఆస్కార్ కన్నా ముందే తమ తమ సంఘాల అవార్డుల్లోనూ ఓటేస్తారు. మీ టీమ్ లీడ్ ఏం చేస్తున్నాడో నేను చూడకుండానే చెప్పగలను. ఏదో సైట్లో నిపుణుల జాబితా తెరిచి, పై నుంచి కింది దాకా దించేస్తున్నాడు. దాంతోనే మూడింట రెండొంతులు పైగా సరిపోతాయి. అతన్ని కొట్టాలంటే ఆ జాబితా ఎక్కడ తప్పుతుందో తెలియాలి.

నేను వృత్తిరీత్యా సినిమావాణ్ణి కాదు, బ్యాంకు ఉద్యోగిని. డిగ్రీలో కలిసి చదువుకున్న తొమ్మిది మందిమి 2010 నుంచి ఈ షీటు నింపుతున్నాం. ఇద్దరు డల్లాస్‌లో, ఒకడు మెల్‌బోర్న్‌లో, మిగతావాళ్లం హైదరాబాద్, విజయవాడ, భీమవరాల్లో ఉన్నాం. ఓడినవాడు అందరికీ బిర్యానీ పెట్టించాలి, డాలర్లలో సంపాదించేవాడైనా సరే. మొదటి ఐదేళ్లూ నాకు మీ పరిస్థితే. తర్వాత ఆరుసార్లు గెలిచాను. అంతకు మించి నా అర్హత ఏమీ లేదు.

మార్పు ఎలా వచ్చిందంటే, మా బాబాయి వల్ల. మాది భీమవరం పక్క ఊరు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గరికి వెళ్లేవాడు కానీ, తను ఏడాది పొడవునా బాదంపప్పు పెట్టి పెంచిన డేగ పుంజు మీద మాత్రం ఒక్క రూపాయి కాసేవాడు కాదు. "దాన్ని నేను పెంచాను రా, దాని లోపం నాకు కనపడదు" అనేవాడు. (పందేలు చట్టవిరుద్ధమని తెలుసు. నేను చెప్పేది ఆయన బుర్ర గురించి.) ఆ మాట గుర్తొచ్చిన ఏడాది షీటులో రెండు గళ్లు గీశాను. ఎడమ గడిలో నేనైతే ఎవరికిస్తానో, కుడి గడిలో వాళ్లు ఎవరికిస్తారో. ఎడమది పూర్తిగా నింపేశాకే కుడిదాని జోలికి వెళ్తాను. మనసులో ఉన్న అభిమానమంతా ఒక గడిలో దించేస్తే రెండో గడి నింపేటప్పుడు చెయ్యి వణకదు. ఈ ఒక్క పని చెయ్యండి, మీ స్కోరు రెండు మూడు పాయింట్లు పెరుగుతుంది.

ఇక ఉత్తమ చిత్రం. ఇదొక్కటే మిగతా విభాగాలన్నిటికన్నా వేరేగా లెక్కిస్తారు, చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. మిగతావాటిలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే. ఉత్తమ చిత్రానికి మాత్రం 2009 సినిమాల నుంచి ఇష్టాల వరస రాయించుకుంటున్నారు. పది సినిమాలకీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వెయ్యాలి. మొదటి లెక్కింపులో సగానికి పైగా ఎవరికీ రాకపోతే అడుగున ఉన్న సినిమాని తీసేసి, దానికి పడ్డ ఓట్లను ఆ పత్రాల్లో రెండో పేరుగా ఉన్న సినిమాలకు పంచుతారు. సగం దాటేదాకా ఇదే తంతు.

వంద ఓట్లనుకోండి. ఒక సినిమాకి 40 మంది మొదటి స్థానం ఇచ్చారు. రెండోదానికి 35, మూడోదానికి 25. మూడోది పోయింది. ఆ 25 మందిలో 20 మంది రెండో పేరుగా రెండో సినిమాని రాశారు, ఐదుగురు మొదటిదాన్ని రాశారు. లెక్క 45, 55 అయింది. నలభై మంది నెత్తిన పెట్టుకున్న సినిమా ఓడిపోయింది. అందుకని ఉత్తమ చిత్రం దగ్గర "ఎంతమంది ప్రేమించారు" అనే కాదు, "ఎంతమందికి పడలేదు" అని కూడా అడగండి. సగం మంది ఆహా అని, సగం మంది అబ్బే అన్న సినిమా ఈ లెక్కలో నిలవడం కష్టం. 2022లో 'ది పవర్ ఆఫ్ ది డాగ్' 12 నామినేషన్లతో వచ్చి దర్శకత్వం ఒక్కటే పట్టుకెళ్లింది. మూడే నామినేషన్లున్న 'కోడా' మూడింటికి మూడూ గెలిచి ఉత్తమ చిత్రమైంది. మొదటిదాన్ని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ, రెండోదాన్ని తిట్టినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

అమెరికా నిర్మాతల సంఘం, పీజీఏ, వాళ్లు కూడా ఇదే పద్ధతిలో లెక్కిస్తారు. అందుకే 2009 సినిమాల నుంచి 2024 సినిమాల దాకా పదహారేళ్లలో మూడుసార్లే తప్పారు: 'ది బిగ్ షార్ట్', 'లా లా ల్యాండ్', '1917'. (ఒక ఏడాది 'గ్రావిటీ', '12 ఇయర్స్ ఎ స్లేవ్' రెండిటికీ కలిపి ఇచ్చారు, అది సగం ఒప్పు.) దర్శకుడికైతే దర్శకుల సంఘం, డీజీఏ, ఇంకా నమ్మకస్తురాలు. 2013 సినిమాల నుంచి పన్నెండేళ్లలో ఒక్కసారే తప్పింది, '1917'కి శామ్ మెండెస్‌కి ఇస్తే ఆస్కార్ బాంగ్ జూన్ హో తీసుకున్నాడు. ఈ రెండు విభాగాల్లో ఆ సంఘాలను కాదని సొంత తెలివి చూపించే ముందు పదిసార్లు ఆలోచించుకోండి.

గోల్డెన్ గ్లోబ్ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. సంక్రాంతికి కాస్త ముందు వస్తుంది, హడావుడి ఎక్కువ, అందరూ దాని మీదే వాదించుకుంటారు. అక్కడ ఓటేసేది మూడొందల పైచిలుకు జర్నలిస్టులు. వాళ్లకు ఆస్కార్ ఓటు లేదు. 2025 జనవరిలో 'అనోరా' గ్లోబ్స్ నుంచి ఒట్టి చేతులతో వెళ్లింది. డ్రామా విభాగంలో 'ది బ్రూటలిస్ట్', కామెడీ విభాగంలో 'ఎమీలియా పెరెజ్' గెలిచాయి. ఆ రాత్రే మా గుంపులో నలుగురు తమ షీట్లలోంచి 'అనోరా'ని కొట్టేశారు. సరిగ్గా నెల తిరిగేసరికి ఫిబ్రవరి రెండో వారాంతంలో క్రిటిక్స్ ఛాయిస్, పీజీఏ, డీజీఏ మూడూ దానికే వచ్చాయి. మార్చి 2న ఐదు ఆస్కార్లు, అందులో నాలుగు ఒక్క షాన్ బేకర్ చేతికే. నిర్మాత, దర్శకుడు, రచయిత, ఎడిటర్, అన్నీ తనే.

అదే సీజన్ ఇంకో పాఠం కూడా చెప్పింది, తేదీలు చూడమని. 'ఎమీలియా పెరెజ్' జనవరిలో 13 నామినేషన్లు తెచ్చుకుంది. ఇంగ్లిష్‌ది కాని సినిమాకి అదే రికార్డు. ఆ తర్వాత కథానాయిక పాత ట్వీట్లు బయటపడ్డాయి. చివరికి మిగిలినవి సహాయ నటి, పాట, రెండే. నామినేషన్ల రోజు సాయంత్రమే షీటు నింపేసి ఊరుకున్నవాడు ఆ ఏడాది బిర్యానీ పెట్టాడు (నేను కాదు). తుది ఓటింగ్ ఫిబ్రవరి 11 నుంచి 18 దాకా జరిగింది. నటుల సంఘం, శాగ్, అవార్డులు వచ్చింది 23న. అంటే అప్పటికి ఓట్లు పెట్టెలో పడిపోయాయి. అక్కడ ఎవరు ఎంత బాగా మాట్లాడినా ఆస్కార్ ఓటు మారే అవకాశమే లేదు. ప్రతి ఏడాదీ ఈ తేదీలు కొద్దిగా జరుగుతాయి, కాబట్టి షీటు పైన ఓటింగ్ మొదలయ్యే రోజు, ముగిసే రోజు రాసిపెట్టుకోండి.

నటీనటుల విభాగాలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే నా పాయింట్లన్నీ ఇక్కడే పోయాయి, ఇక్కడే వచ్చాయి.

నటనకున్న నాలుగు విభాగాల్లో దేనికైనా శాగ్, బ్రిటిష్ వాళ్ల బాఫ్టా రెండూ ఒకే పేరు చెబితే ఆలోచించకుండా రాసేయండి. ఇబ్బందల్లా రెండూ వేర్వేరు పేర్లు చెప్పినప్పుడే. చాలాకాలం నేను అమెరికా సంఘం కదా అని శాగ్‌నే నమ్మాను. 2019లో శాగ్ గ్లెన్ క్లోజ్ అంది, బాఫ్టా ఒలీవియా కోల్మన్ అంది. అప్పటికే ఆరుసార్లు నామినేషన్ దగ్గరే ఆగిపోయిన పెద్దావిడ, ఈసారి ఇవ్వక చస్తారా అని క్లోజ్‌ని రాశాను. కోల్మన్ గెలిచింది. 2021లో శాగ్ దివంగత చాడ్విక్ బోస్‌మన్ అంది, బాఫ్టా ఆంథనీ హాప్కిన్స్ అంది. ఆ రాత్రి నిర్వాహకులు కూడా బోస్‌మన్‌కే వస్తుందనుకున్నారేమో, ఉత్తమ చిత్రాన్ని ముందుకు జరిపి ఉత్తమ నటుణ్ణి ఆఖరున పెట్టారు. తీరా కవరు తెరిస్తే హాప్కిన్స్. ఆయన అక్కడ లేనే లేడు, వేల్స్‌లో నిద్రపోతున్నాడు. కార్యక్రమం అలా చప్పున ముగిసిపోయింది. మా ఇంట్లో నేను టీవీ ముందు కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను.

అప్పుడు పాత షీట్లన్నీ ముందేసుకుని ఒక లెక్క తీశాను. శాగ్, బాఫ్టా విడిపోయినప్పుడు, ఆ ఇద్దరి సినిమాల్లో అకాడమీకి మొత్తమ్మీద ఏది ఎక్కువ నచ్చిందో చూడండి. కోల్మన్ సినిమా 'ది ఫేవరిట్'కి 10 నామినేషన్లు, క్లోజ్ సినిమా 'ది వైఫ్'కి ఆమెది ఒక్కటే. హాప్కిన్స్ 'ది ఫాదర్' ఉత్తమ చిత్రం పోటీలో ఉంది, బోస్‌మన్ సినిమా లేదు. 2023లో మిషెల్ యో, కేట్ బ్లాంచెట్ మధ్య పోటీలో యో సినిమాకి 11 నామినేషన్లు, బ్లాంచెట్ సినిమాకి 6. ఈసారి శాగ్ చెప్పిన యో గెలిచింది. 2024లో ఎమ్మా స్టోన్, లిలీ గ్లాడ్‌స్టోన్. 'పూర్ థింగ్స్' 11, 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్' 10, తేడా వెంట్రుకవాసి. పైగా గ్లాడ్‌స్టోన్‌కి బాఫ్టా నామినేషనే లేదు. స్టోన్‌ని రాశాను, నిలిచింది. 2025లో శాగ్ డెమీ మూర్‌కీ టిమొతీ షాలమేకీ ఇచ్చింది, బాఫ్టా మైకీ మ్యాడిసన్‌కీ ఏడ్రియన్ బ్రోడీకీ ఇచ్చింది. 'అనోరా' ఉత్తమ చిత్రం అయ్యేలా ఉంది, 'ది సబ్‌స్టెన్స్'కి ఐదే నామినేషన్లు. 'ది బ్రూటలిస్ట్'కి 10, షాలమే సినిమాకి 8. ఇద్దరినీ బాఫ్టా వైపే రాశాను. రెండూ వచ్చాయి.

ఇంత చెప్పాక సిగ్గుపడే ముచ్చట కూడా చెప్పాలి. ఈ సూత్రం దొరికిన సంబరంలో 2023లో ఉత్తమ నటుడికి ఆస్టిన్ బట్లర్‌ని రాశాను. 'ఎల్విస్'కి 8 నామినేషన్లు, బ్రెండన్ ఫ్రేజర్ నటించిన 'ది వేల్'కి మూడు, అదీ ఉత్తమ చిత్రం పోటీలో లేదు. ఫ్రేజర్ గెలిచాడు. కారణం తర్వాత తట్టింది. బట్లర్‌కి అప్పటికి 31 ఏళ్లు. అకాడమీ కుర్రాళ్లకి ఉత్తమ నటుడు ఇవ్వడానికి మహా పిసినారి. అమ్మాయిలకైతే చిన్న వయసులోనే ఇచ్చేస్తారు. మార్లీ మాట్లిన్ 21కే తీసుకుంది, జెన్నిఫర్ లారెన్స్ 22కి, మ్యాడిసన్ 25కి. మగవాళ్లలో 30 దాటకుండా ఉత్తమ నటుడైనవాడు చరిత్ర మొత్తంలో ఒక్కడే, 2003లో 29 ఏళ్ల బ్రోడీ. తమాషా ఏమిటంటే 2025లో షాలమే గెలిచివుంటే ఆ రికార్డు పోయేది. దాన్ని పోనివ్వకుండా ఆపినవాడు మళ్లీ ఆ బ్రోడీయే. ఇలాంటిది సినిమాలో రాస్తే అతి అంటాం.

ఇక మనందరికీ ఇష్టమైన సంగతి. 'ఆర్‌ఆర్‌ఆర్' ఏడాది మా గుంపులో స్నేహాలు తెగిపోయేంత పనైంది. ఎన్టీఆర్‌కి నటుడి నామినేషన్ ఖాయమని ఒకడు, ఉత్తమ చిత్రం పదింట్లో ఉంటుందని ఇంకొకడు. నాకూ ఎడమ గడి నిండా అదే సినిమా. కుడి గడిలో మాత్రం ఒక్క పాట తప్ప ఇంకేమీ రాయలేదు. తెలుగువాడివేనా అని తిట్లు కూడా తిన్నాను. నా లెక్క ఇదీ. నామినేషన్లు ఎవరి శాఖ వాళ్లు వేస్తారు, నటులకి నటులే. శాగ్ పట్టించుకోని మనవాళ్లని ఆ శాఖ ఎత్తుకుంటుందని నాకు అనిపించలేదు. విదేశీ చిత్రం దారి ముందే మూసుకుపోయింది. దేశానికి ఒకే సినిమా పంపాలి, ఆ ఏడాది మన ఫిల్మ్ ఫెడరేషన్ గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'ని పంపింది. అమెరికాలో పంపిణీ చేసిన చిన్న సంస్థే సొంతంగా ప్రచారం మొదలుపెట్టింది. న్యూయార్క్ విమర్శకులు రాజమౌళికి ఉత్తమ దర్శకుడు ఇచ్చారు, లాస్ ఏంజెలెస్ విమర్శకులు కీరవాణికి సంగీతం ఇచ్చారు. చెవులకు ఇంపుగానే ఉంది, కానీ విమర్శకులకు ఆస్కార్ ఓటు లేదు.

పాట సంగతి వేరు. అక్కడ నామినేషన్ వేసేది సంగీత శాఖ. అది దాటితే తుది ఓటు అందరిదీ. ఆ ఐదు పాటల్లో లేడీ గాగాది ఉంది, రిహానాది ఉంది, మూడు దశాబ్దాలుగా గెలవక తిరుగుతున్న డయాన్ వారెన్‌ది ఉంది. పేర్లు చూస్తే భయం వేస్తుంది. సినిమాలు పెట్టి చూస్తే భయం పోయింది. మిగతా నాలుగూ ప్రధానంగా చివర్లో పేర్లు పడేటప్పుడు వచ్చేవి, జనం కుర్చీలోంచి లేచే వేళకి. కథ మధ్యలో ఒక పూర్తి సన్నివేశమై, పాట అయిపోతే కథ మారిపోయేది 'నాటు నాటు' ఒక్కటే. అకాడమీ ఓటరుకి పాటంటే బొమ్మతో సహా గుర్తుండాలి. కీవ్‌లోని ఆ భవనం ముందు ఇద్దరు దుమ్ము లేపడం ఒకసారి చూసినవాడు ఎలా మర్చిపోతాడు? పైగా ఆ సినిమాని మెచ్చుకోవాలనుకున్న ఓటరుకి ఉన్న గడి అదొక్కటే, ఇంకెక్కడా నామినేషన్ లేదు. ప్రేమంతా ఒక్క చోటే పడింది. గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్ రెండూ అప్పటికే వచ్చాయి. ఇంకో తమాషా, అమెరికాలో చాలామంది నెట్‌ఫ్లిక్స్‌లో చూసింది హిందీ డబ్బింగ్. గెలిచింది చంద్రబోస్ తెలుగు మాట.

2023 మార్చి 13, సోమవారం పొద్దున. బ్రాంచికి గంట ఆలస్యంగా వస్తానని ముందే చెప్పి కూర్చున్నాను. నా షీటులో రెండు గళ్లలోనూ ఒకే పేరున్న వరసలు ఆ ఏడాది నాలుగు. వాటిలో ఒకటి అది. కీరవాణి పలకాల్సిన ధన్యవాదాలను పాట కట్టి పాడుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి "ఎవరా గొంతు, మనాయనేనా?" అంటూ వచ్చింది. కుడి గడిలో టిక్కు పెట్టడం మర్చిపోయాను.

మరి అన్నిసార్లూ మనవాటికి ఇలా జరగదు. 2025లో లఘుచిత్రాల్లో ఢిల్లీ కథ 'అనూజ' ఉందని మావాళ్లు ఆరుగురు దాన్నే రాశారు. గెలిచింది 'ఐయామ్ నాట్ ఎ రోబో'. ఆరుగురిలో ఐదుగురు ఆ ఐదు లఘుచిత్రాల్లో ఒక్కటీ చూడలేదు. మీకు నా అతి ముఖ్యమైన చిట్కా ఇక్కడే. లఘుచిత్రాలు మూడు విభాగాలు, మూడు పాయింట్లు, మీ టీమ్ లీడ్‌ని దాటేది అక్కడే. నిపుణుల జాబితాలు కూడా ఇక్కడే తడబడతాయి. చాలావరకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక్క ఆదివారం చాలు. చూసేటప్పుడు మీకు నచ్చింది కాకుండా, పక్కన కూర్చున్నవాళ్లు ఏది చూసి మాట్లాడటం ఆపలేదో గమనించండి. 2023లో 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' మా అమ్మకి చూపించాను. మర్నాడు పక్కింటావిడకి ఆ ఏనుగు పిల్ల కథంతా చెబుతోంది. రాసేశాను.

మిగతా సాంకేతిక విభాగాలకు పెద్ద శాస్త్రం లేదు. దుస్తుల్లో "ఉత్తమ" అనేచోట "ఎక్కువ" అని చదువుకోండి, కళ్లు చెదిరే బట్టలకే ఇస్తారు. విజువల్ ఎఫెక్ట్స్‌లో ఉత్తమ చిత్రం పోటీలో ఉన్న సినిమా ఉంటే సాధారణంగా దానికే. 2016లో 'ఎక్స్ మాకినా' అలాంటివి మూడింటిని పడగొట్టింది, అదో మినహాయింపు. యానిమేషన్‌లో నేను 2025లో పెద్ద స్టూడియో సినిమా 'ది వైల్డ్ రోబో'ని రాశాను. తొమ్మిదేళ్ల మా మేనకోడలు 'ఫ్లో' అంది. ఎందుకమ్మా అంటే "అందులో పిల్లి ఉంది మావయ్యా" అంది. మాటల్లేని లాత్వియా సినిమా, ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేసింది, ఆ దేశానికి మొట్టమొదటి ఆస్కార్. ఆ పిల్లకి ఐస్‌క్రీమ్ బాకీ తీర్చాను.

ఇక నా సొంత అవార్డులు, అంటే ఎడమ గడి. 2024 సినిమాల్లో నా ఉత్తమ చిత్రం 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'. ముంబైలో బతుకు లాగే మలయాళీ నర్సుల కథ. కాన్‌లో గ్రాం ప్రీ తెచ్చుకుంది. మనం 'లాపతా లేడీస్'ని పంపాం. అది షార్ట్‌లిస్ట్ దాకా కూడా వెళ్లలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు కాబట్టి ఎక్కువ మాట్లాడను. ఉత్తమ నటి ఫెర్నాండా టోరెస్, 'ఐయామ్ స్టిల్ హియర్'కి. భర్తని సైనికులు తీసుకుపోయాక పిల్లల ముందు ఏడవకుండా ఫోటోకి నవ్వమనే తల్లి. పాతికేళ్ల కిందట ఇదే దర్శకుడి సినిమాకి ఆమె తల్లి ఫెర్నాండా మాంటెనెగ్రో కూడా ఇదే విభాగంలో నామినేట్ అయి ఓడిపోయింది. ఉత్తమ నటుడు 'కాన్‌క్లేవ్'లో రాల్ఫ్ ఫైన్స్. అనుమానమే అతని మొహం మీద ఒక పాత్రలా నడుస్తుంది. ముగ్గురిలో ఒక్కరూ ఆస్కార్ అందుకోలేదు, చూశారా, అందుకే రెండు గళ్లు.

తెలుగులో ఆ ఏడాది నా ఉత్తమ నటి '35 చిన్న కథ కాదు'లో నివేదా థామస్. కొడుక్కి లెక్కలు రావాలని తానే లెక్కలు నేర్చుకునే ఆ సరస్వతిని మా అమ్మలో, అత్తలో చూశాను. తెలంగాణ గద్దర్ అవార్డు కూడా ఆవిడకే వచ్చింది, కానీ దాన్ని నా అంచనా గొప్ప అని చెప్పుకోను. మన జాతీయ అవార్డులకు, రాష్ట్ర అవార్డులకు కుడి గడి గీయను, గీయలేను. అక్కడ వేల ఓటర్లు ఉండరు. కొద్దిమంది జ్యూరీ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. ముందు వచ్చే సంఘాల అవార్డులు లేవు, పోటీలో ఉన్నవాళ్ల పేర్లు కూడా ముందు బయటకు రావు. ఒక్క పెద్దమనిషి గట్టిగా వాదిస్తే ఫలితం తిరిగిపోవచ్చు. 2023 ఆగస్టులో అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడు వచ్చింది, తెలుగు నటుల్లో మొదటివాడు. ముందే చెప్పానన్నవాళ్లు తర్వాత చాలామంది బయల్దేరారు. ముందు రాసిపెట్టిన కాగితం మాత్రం ఒక్కరూ చూపించలేదు.

మీరు వచ్చే షీటు నింపేటప్పుడు కొత్త నిబంధన ఒకటి గుర్తుంచుకోండి. 2025లో ప్రకటించారు, ఒక విభాగంలో తుది ఓటు వెయ్యాలంటే అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి. ఇన్నాళ్లూ చూడకుండా పేరు బట్టి వేసేవాళ్లు చాలామంది ఉండేవారని అకాడమీయే ఒప్పుకున్నట్టయింది. దీనివల్ల తక్కువమంది చూసిన చిన్న సినిమాల నటులకి మేలు జరుగుతుందని నా ఊహ. నా నామినేషన్ల సూత్రం కూడా కొంచెం బలహీనపడొచ్చు. ఓటర్లు కూడా మారుతున్నారు. 2023లో అకాడమీ రామ్‌చరణ్, ఎన్టీఆర్, కీరవాణి, చంద్రబోస్, సెంథిల్ కుమార్, సాబు సిరిల్‌లను సభ్యులుగా చేరమని పిలిచింది. మరుసటి ఏడాది రాజమౌళి, రమా రాజమౌళి, ప్రేమ్ రక్షిత్‌లను పిలిచింది.

2026 నుంచి పాత్రధారుల ఎంపికకి, అంటే కాస్టింగ్‌కి, కొత్త విభాగం చేరింది. 2028లో జరిగే నూరో ఆస్కార్ నుంచి ఫైట్లకు కూడా ఇస్తారు, స్టంట్ డిజైన్ పేరుతో. 2027లో వచ్చే సినిమాల నుంచి లెక్క. ఆ ప్రకటనకి అకాడమీ వేసిన బొమ్మల్లో 'ఆర్‌ఆర్‌ఆర్' స్టిల్ కూడా ఒకటి. ఆ విభాగానికి పాత ఫలితాల్లేవు, ఏ సంఘం మాట నమ్మాలో ఇంకా తెలియదు, నా సూత్రాలేవీ పనిచెయ్యవు. మీకూ నాకూ మీ టీమ్ లీడ్‌కీ ఒకే గీత దగ్గర నుంచి పరుగు. నా షీటులో ఆ వరస ఇప్పటికే గీసి ఉంచాను. ఎడమ గడి నిండింది, కుడిది ఖాళీ.